చెల్లె సంతకం

రింగు రోడ్డు పడి, ఇంద్రేశం భూమి ఎకరాల నుంచి గజాల లెక్కకు మారినంక చెల్లెండ్లకు పిలుపులు పెరిగినయ్. పండుగకు కాదు, సంతకానికి. "తాతల ఆస్తిల ఆడపిల్లకేం హక్కు? కట్నం పెట్టినం గద" అంటూ తహసీల్దార్ ఆఫీసుకు తోలుకపోయే అన్నలలో మెడలో నీలి కండువా ఉన్నోళ్లూ ఉన్నరు. ఈ భాగం వాళ్ల కోసమే.

తాతల ఆస్తిలో కొడుకుకే పుట్టుకతో హక్కు అనే మాట విజ్ఞానేశ్వరుడి మితాక్షరది. చాళుక్యుల కల్యాణిలో పుట్టిన గ్రంథం. ఆ ఊరే ఇప్పటి బసవకల్యాణ్. మన పటాన్‌చెరు మీదుగా పోయే ముంబై రోడ్డే అటు పోతది. 13వ శతాబ్దంలో కేతన దాన్ని 'విజ్ఞానేశ్వరీయం'గా తెలుగు చేసిండు. ఎంఏలో మనం కేతనను వ్యాకరణం రాసినాయనగా చదివి మార్కులు తెచ్చుకుంటం, ఈ సంగతి పక్కన పెడతం. ఆ శాస్త్రం నడిచిన కాలంలో మాల మాదిగ తాతకు పంచుకునే భూమే లేదు, వెట్టి తప్ప. ఇయ్యాల మనవడికి మాత్రం శాస్త్రం నోటికొచ్చింది!

నిజానికి మన వాడల్లో చాలామందికి ఉన్నది తాతల భూమి కాదు, సర్కారు ఇచ్చిన అసైన్డ్ పట్టా. 1977 చట్టం ప్రకారం అమ్మరాదు, వారసులకు వస్తది. మరి సంతకమెందుకు? విరాసత్‌కు, పరిహారం చెక్కుకు. నాయన పేరున వచ్చిన పట్టా నాయన సొంతం. వీలునామా లేకుండ ఆయన పోతే 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ కింద భార్యకు, కొడుకులకు, బిడ్డలకు సమాన వాటా.

సరే, తాతల భూమే అనుకుందాం. ఎన్టీఆర్ సర్కారు 1985 సెప్టెంబర్ 5 నుంచే బిడ్డలకు పుట్టుక హక్కు ఇచ్చింది, అప్పటికే పెళ్లయినోళ్లను వదిలేసి. 2005 కేంద్ర సవరణలో ఆ అడ్డూ లేదు. 2005 నాటికి తండ్రి బతికి లేకున్నా బిడ్డ హక్కు పోదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

కట్నమంటరా? 1961 నుంచి నేరం. నేరం చేసి ఇచ్చిన పైసలను వాటాలో కోసుకొమ్మని ఏ సెక్షన్ చెప్పిందో చూపెట్టుండ్రి.

హిందూ కోడ్ బిల్లులో బిడ్డకు కొడుకుతో సమాన వాటా పెట్టిండు బాబాసాహెబ్. ఆ బిల్లును నెహ్రూ ప్రభుత్వం అటకెక్కించినందుకు కూడా 1951లో మంత్రి పదవి వదిలేసిండు. ఆయన విగ్రహానికి దండేసి వచ్చిన చేత్తోనే చెల్లె వేలు పట్టి కాగితం మీద ఒత్తిస్తున్నం.

ఇంకా సంతకం పెట్టని చెల్లెండ్లకు ఒక మాట. "ఎప్పుడో నోటితో పంచుకున్నం" అని కథ చెప్తరు. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకం కాగితమో కోర్టు డిక్రీనో ఉన్నదా అని అడుగుండ్రి. ఉత్త నోటి పంపకాన్ని అదే 2020 తీర్పు మామూలుగా ఒప్పుకోదు.