చెరువు స్నానం సంగతి డాక్టరుకు చెప్పండి



అమీబా అనగానే మనకు జిగట విరేచనాలు గుర్తుకు వస్తాయి. ఆ అమీబా మనిషి పేగులలో ఉంటుంది. మలపరీక్షలో ఎర్ర రక్తకణాలను మింగిన అమీబా కనబడితే ల్యాబ్ వారు దానిని గుర్తుపడతారు. ఇది కాక, మనిషితో పని లేకుండా బురదలో, నిలవ నీటిలో బ్రతికే అమీబాలు కూడా ఉన్నాయి. వాటిలో నేగ్లేరియా ఫౌలెరీ అనేది అరుదుగానైనా ప్రాణానికి ముప్పు తెస్తుంది.

ఇది త్రాగిన నీటితో రాదు. ఒకరి నుండి ఒకరికి అంటదు. ఉప్పు లేని వెచ్చని నీరు ముక్కులోకి ఎగదన్నినప్పుడు, వాసన నరం వెంబడి మెదడుకు చేరుతుంది. ఎర్రకణం కన్నా పెద్దదైన ఈ జీవి గిన్నె వంటి నోటితో కణాలను కొరుకుతుంది. కణం గోడకు రంధ్రాలు చేసే ప్రొటీన్లను కూడా వదులుతుంది. మన కాపలాదారులైన తెల్లకణాలు గుంపులుగా వచ్చి పోరాడతాయి. ఆ పోరాటంలోనే మెదడు ఇంకా వాస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. వెన్ను నుండి తీసిన నీటిలో తెల్లకణాలు విపరీతంగా, ఎర్రకణాలు కొంతగా కనబడతాయి. బాక్టీరియా వల్ల వచ్చే మెదడువాపులోనూ తెల్లకణాలు ఇలాగే పెరుగుతాయి. కణాల లెక్క చూసి ఏది ఏదో చెప్పలేము. ఆ నీటిని తీసిన వెంటనే మైక్రోస్కోపు క్రింద చూస్తే కదులుతున్న అమీబా కనబడవచ్చు. అయితే వెదకాలన్న ఆలోచన రావాలంటే ఎవరో ఒకరు చెరువు మాట ఎత్తాలి.

2024లో కేరళలోని కోళికోడ్ జిల్లాలో 14 ఏళ్ళ బాలుడు ఈ జబ్బు నుండి బయటపడ్డాడు. అంతకు ముందు ప్రపంచంలో బ్రతికినవారు వేళ్ళ మీద లెక్కించదగినవారే. ఆ తండ్రి ఈ జబ్బు గురించి తెలుసుకొని ఉండి, పిల్లవాడు చెరువులో ఈదాడని డాక్టర్లకు చెప్పాడు. మందులు త్వరగా మొదలయ్యాయి.

ఇంత అరుదైన జబ్బు గురించి చెప్పి జనాన్ని ఎందుకు భయపెట్టాలని కొందరు అడుగుతారు. చెరువులు మూయమని మేము అనడం లేదు. మామిడికుదురు చుట్టుప్రక్కల ఎండాకాలం కాలువలు కట్టేశాక మిగిలిన నీళ్ళు గుంటల్లో వేడెక్కుతాయి. పిల్లలు ఈదేది వాటిలోనే. అలాంటి నీటిలో దూకవద్దని, ముక్కు మునగకుండా చూసుకోమని, అడుగు బురద కలపవద్దని పిల్లలకు చెప్పండి.

ఈత కొట్టిన 12 రోజులలోపు జ్వరం, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, మగత కనబడితే “రెండు సూదులు వేయించి చూద్దాం” అని ఊళ్ళో ఆగవద్దు. పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళి, అడిగినా అడగకపోయినా చెరువు సంగతి ముందుగా చెప్పండి. జ్వరం చీటీ వ్రాసే ప్రతి నర్సూ ఈ ప్రశ్న అడగాలని మా అభిప్రాయం. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక ప్రాణం నిలబడవచ్చు.