ఐదు రోజుల్లో ఆరు చిత్రాలు

గత వేసవి సెలవుల్లో మా అమ్మాయి ఫోన్ చేసింది. "అబ్బా! వీడు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి ఏడుస్తున్నాడు. ఒకసారి వచ్చి దమ్ చేసి వెళ్ళండి" అంది. మనవడికి ఎనిమిదేళ్ళు. వెళ్ళాను. ఫలఖ్, నాస్ సూరాలు పఠించి దమ్ చేసి, పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగాను. సెలవులకు వచ్చిన పెద్ద పిల్లలతో కలిసి ఐదు రోజుల్లో ఆరు 'హ్యారీ పోటర్' చిత్రాలు చూశాడట. ఆరవ చిత్రం చివర తెల్లగడ్డపు వృద్ధ ప్రధానోపాధ్యాయుడు గోపురం మీది నుంచి పడి మరణిస్తాడు. అది చెబుతూ వాడు నా గడ్డం వైపు చూశాడు. "నానా, మీరు కూడా..." అని ఆగిపోయాడు.

మదరసాలో బోధించే నేను ఈ చిత్రాల గురించి ఏమంటానో పాఠకులు ముందే ఊహించగలరు. సిహ్ర్ (చేతబడి) నేర్వడం, నేర్పడం ఎంతటి ఘోరమో బఖరా సూరా 102వ ఆయత్ విశదపరుస్తోంది. మనిషిని నాశనం చేసే ఏడు మహాపాపాల్లో దైవప్రవక్త (స) దానిని కూడా పేర్కొన్నారు. ఇందులో నాకు సందేహం లేదు. మన ఇళ్ళలో మాత్రం ఇలాంటి కథలు లేవా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం అమీర్ హంజా దాస్తాన్‌ను 46 సంపుటాలుగా ప్రచురించింది. చిన్నతనంలో మా నానీ నోట ఆ తిలిస్మ్ కథలు విన్నవాణ్ణే నేను. అయితే ఆ దాస్తాన్‌లో మాంత్రికుడు శత్రువు, నాయకుడు ఇస్మె ఆజమ్‌తో వాడి మాయను ఛేదిస్తాడు. ఇక్కడ నాయకుడే మంత్రవిద్యార్థి. ఈ తేడా చిన్నది కాదు.

అయినా ఆ రాత్రి పిల్లవాణ్ణి ఏడిపించింది మంత్రం కాదు, మరణం. అందుకే, సినిమాలు చూసే అలవాటు ఏనాడో పోయిన నేను, ఇషా నమాజు తర్వాత కొన్ని రాత్రులు కూర్చుని ఎనిమిది చిత్రాలూ చూశాను.

2001లో వచ్చిన మొదటి చిత్రంలో గాలిలో తేలే కొవ్వొత్తులు, విందులు, ఉత్తరాలు మోసే గుడ్లగూబలు కనిపిస్తాయి. దాన్నీ, రెండవ దాన్నీ తీసినవారు క్రిస్ కొలంబస్. 2004 నాటి మూడవ చిత్రంలో మనిషిలోని సంతోషాన్నంతా పీల్చివేసే నల్లముసుగు ప్రాణులు ప్రవేశిస్తాయి. 2005 నాటి నాల్గవ చిత్రంలో ఏ పాపమూ ఎరుగని ఒక విద్యార్థి శ్మశానంలో హతమవుతాడు. అక్కడి నుంచి 2011లో ముగిసేవరకు చీకటి చిక్కనవుతూనే పోతుంది. బ్రిటన్ సెన్సారువారు మొదటి మూడింటిని పీజీ తరగతిలో ఉంచి, మిగిలిన ఐదింటికీ 12ఏ ఇచ్చారు. అంటే ఆ దేశంలోనే వీటి మధ్య ఒక గీత గీశారు. మన ఇళ్ళలోని రిమోట్‌కు ఆ గీత తెలియదు. ఒకటి ముగియగానే మరొకటి దానంతటదే మొదలవుతుంది.

మొదటివి ముచ్చటగా ఉన్నాయి, తర్వాతివే పిల్లలకు చెడ్డవి అని చాలామంది తల్లిదండ్రులు అంటారు. నాకు అంత సులభంగా తోచలేదు. మంత్రవిద్యను మిఠాయిలా చూపినవి ఆ మొదటి చిత్రాలే. చీకటి పెరిగేకొద్దీ ఆ తీపి విరుగుతుంది. చావుకు భయపడి, పరుల ప్రాణాలు తీసి, తన ఆత్మనే ముక్కలు చేసి దాచుకునే దుర్మార్గుడు వస్తాడు. నిజం చెప్పిన బాలుణ్ణి అబద్ధాలకోరుగా చిత్రించే ప్రభుత్వం వస్తుంది. చివరకు ఇతరుల కోసం ఆ బాలుడు తనంతట తానే మృత్యువుకు ఎదురు నడుస్తాడు. మా పెద్ద తరగతి విద్యార్థులతో దీని గురించి ఒక గంట చర్చించాలనిపించిందంటే అబద్ధం కాదు. ఆ తర్వాత వచ్చిన దృశ్యం మాత్రం మనసును చివుక్కుమనిపించింది. మరణించిన అబ్బాయి తెల్లగా, ఖాళీగా ఉన్న ఒక రైల్వే స్టేషన్‌లో తన గురువుతో మాట్లాడతాడు. ప్రశ్నించే దైవదూతలు లేరు, లెక్క అడిగే ప్రభువు లేడు. మరణం గురించి ఎనిమిది చిత్రాలు తీసి, ప్రాణమిచ్చిన వాడి ఊసే లేకుండా ముగించారు.

2001లో ఎనిమిదేళ్ళున్న పిల్లవాడికి చివరి చిత్రం వచ్చేసరికి దాదాపు పద్దెనిమిదేళ్ళు. చీకటి చిక్కబడుతున్నకొద్దీ వాడి గుండె కూడా గట్టిపడింది. మా మనవడి గుండెకు దొరికింది ఐదు రోజులు. దివ్య ఖుర్ఆన్ సుమారు 23 ఏళ్ళపాటు అవతరించింది. ముందు స్వర్గనరకాల ప్రస్తావన వచ్చిందనీ, హృదయాలు కుదుటపడ్డాకే ధర్మాధర్మాల ఆదేశాలు వచ్చాయనీ హజ్రత్ ఆయిషా (రజి) వివరించిన ఉల్లేఖనం బుఖారీలో ఉంది. నూరానీ ఖాయిదా చదివే పిల్లవాడి చేతిలో మేము హిదాయా పెట్టము. సినిమాల విషయంలో మాత్రం ఇంట్లో ఎవరికీ ఈ లెక్క గుర్తుకు రాదు.

బయలుదేరే ముందు అమ్మాయి మరో సంగతి చెప్పింది. ఏడుపు మొదలవడానికి ముందు నుంచే వాడు బీరువా అద్దం ముందు చాలాసేపు నిలబడుతున్నాడట. నాకప్పుడు అర్థమైంది. మొదటి చిత్రంలో ఒక అద్దం ఉంది. అందులో ఆ బాలుడికి మరణించిన తల్లిదండ్రులు కనిపిస్తారు. మా మనవడి దాదీ అంతకు ముందు చలికాలంలోనే మరణించింది. భయపడతాడని మేము వాణ్ణి జనాజా రోజున పొరుగింటికి పంపించాము. "దాదీ అల్లాహ్ దగ్గరకు వెళ్ళింది" అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాము. ఆ తర్వాత ఇంట్లో ఎవరమూ ఆమె పేరెత్తలేదు. వాడు ఆమెను వెదుక్కున్నది అందరూ ముచ్చటైనదని చెప్పే ఆ సినిమా చూపిన అద్దంలో.

శుక్రవారం అస్ర్ తర్వాత వాణ్ణి ఖబరస్తాన్‌కు తీసుకువెళ్ళాను. సలాం ఎలా చెప్పాలో నేర్పాను. కాసేపు సమాధి వంక చూసి, "లోపల దాదీకి చీకటిగా ఉండదా?" అని అడిగాడు. అబూ సలమా (రజి) మరణించినప్పుడు ఆయన సమాధిని వెలుగుతో నింపమని దైవప్రవక్త (స) అల్లాహ్‌ను వేడుకున్న సంగతి చెప్పాను. ఆ దుఆను ముక్కముక్కలుగా పలికించాను. మూడోసారికి తప్పులేకుండా చెప్పాడు.

తిరిగి వస్తూ, మిగిలిన రెండు సినిమాలు ఎప్పుడు చూడవచ్చని అడిగాడు. పిల్లలు ఇలాంటివి మరచిపోరు. "పదహారేళ్ళు వచ్చాక అడుగు, నేనూ పక్కన కూర్చుంటాను" అన్నాను.

వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. "అప్పటికి మీరుంటారా నానా?"

"ఇన్షా అల్లాహ్" అన్నాను.