రచయితయే ప్రచురణకర్త అయినపుడు

గ్రంథము వ్రాయుట ఒక యెత్తు. దానిని పాఠకుని చేతికి అందించుట మరియొక యెత్తు. తెలుగునాట ఈ రెండవ భారమును గూడ రచయితయే మోయుట క్రొత్త కాదు. పుస్తకపు తొలి పుటలలో 'ప్రతులకు' అను మాట క్రింద రచయిత యింటి చిరునామాయే యుండుట పాఠకులకు చిరపరిచితము. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకడు తన పద్యములనో, కథలనో 500 ప్రతులు వేయించును. ఆవిష్కరణ సభలో కొన్ని, మిత్రులకు కొన్ని, సమీక్షకై పత్రికలకు రెండేసి పోగా, మిగిలిన కట్టలు మంచము క్రిందనో అటక మీదనో చేరును. పెట్టిన సొమ్ము తిరిగి వచ్చుట అరుదు.

ఇట్టి స్థితిలో కాగితము లేకుండ, అచ్చుకూటము లేకుండ, గిడ్డంగి లేకుండ పుస్తకమును లోకము ముందుంచు సాధనము లభించుట సామాన్య విషయము కాదు. ఈ-పుస్తకమును రచయిత తానే సిద్ధపరచి, తానే వెల నిర్ణయించి, ఇంటర్నెట్టు ద్వారా తానే అమ్ముకొనవచ్చును. కర్నూలులో కూర్చున్న రచయిత పుస్తకమును డల్లాసులోని తెలుగువాడు మరుక్షణమున కొని చదువవచ్చును. అయితే ఈ సాధనము రచయితను దేనినుండి విముక్తుని చేసినది? దేనినుండి చేయలేదు? ఈ విచారణ ఉపాధ్యాయులకును, వ్రాయ నేర్చుచున్న విద్యార్థులకును మిక్కిలి అవసరము. తమ రచనలను తామే వెలువరింపదలచు వారు వీరిలో పెక్కుమంది కలరు.

అమెరికాలో తొలి యడుగులు

2000వ సంవత్సరము మార్చిలో ప్రసిద్ధ నవలాకారుడు స్టీఫెన్ కింగ్ వ్రాసిన 'రైడింగ్ ది బుల్లెట్' అను కథను ప్రచురణ సంస్థ కేవలము ఈ-పుస్తకముగ వెలువరించినది. తొలి దినముననే సుమారు 4 లక్షల ప్రతులకు గిరాకీ వచ్చినది. ఆ యుత్సాహముతో జూలైలో ఆయన ప్రచురణ సంస్థతో పని లేకుండ 'ది ప్లాంట్' అను నవలను తన సొంత వెబ్‌సైటులో భాగములుగ అమ్మజూచెను. తొలి భాగములకు ఒక్కొక్క డాలరు. చెల్లింపు పాఠకుని నిజాయితీకి వదలిపెట్టిన విషయము. తీసికొన్నవారిలో నూటికి 75 మంది చెల్లించినచో కథ సాగునని షరతు. తొలుత చెల్లింపులు బాగుగనే వచ్చినను, రానురాను చెల్లించువారు తగ్గిరి. ఆ డిసెంబరులో ఆరు భాగములతో ప్రచురణ నిలిచిపోయినది. లోకప్రసిద్ధుడైన రచయితకే అంగడి నడుపుట యింత కష్టమైనపుడు, సామాన్య రచయితకు అది సులభమగునని తలచుట పొరపాటు.

2007 నవంబరులో అమెజాన్ సంస్థ కిండిల్ అను పఠన యంత్రమును విడుదల చేసినది. ఎవరి రచననైనను వారే చేర్చి అమ్ముకొను ఏర్పాటు దానితోపాటే వచ్చినది. తొలుత రచయిత వాటా 35 శాతము మాత్రమే. 2010లో, కొన్ని షరతులపై, 70 శాతపు వాటాను ప్రవేశపెట్టిరి. ఈ కాలముననే ఆండీ వీర్ అను కంప్యూటరు ఉద్యోగి 'ది మార్షియన్' అను నవలను తన వెబ్‌సైటులో ఉచితముగ ధారావాహికగ వెలువరించుచుండెను. శాస్త్ర విషయములలోని పొరపాట్లను పాఠకులు ఎత్తిచూపగా, ఆయన వాటిని దిద్దుకొనుచు పోయెను. 2011లో పాఠకుల కోరికపై దానిని 99 సెంట్లకు కిండిల్‌లో పెట్టెను. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ దానిని వెలువరించినది. 2015లో చలనచిత్రము వచ్చినది. ఈ విజయగాథను చెప్పువారు సాధారణముగ 99 సెంట్లను గూర్చి చెప్పుదురు. అంతకు ముందు సాగిన దిద్దుబాటును మరతురు. ఆయనకు ప్రచురణకర్త లేకపోవచ్చును. పరిష్కర్తలు మాత్రము ఉండిరి.

తెలుగు అక్షరము, తెలుగు అంగడి

తెలుగులో ఈ మార్గమును తెరచినవారు తెలుగువారే. 2010లో హైదరాబాదున ఆరంభమైన 'కినిగె' తెలుగు ఈ-పుస్తకములకు ప్రత్యేకమైన అంగడిగ పేరు పొందినది. 2014లో బెంగుళూరున పుట్టిన 'ప్రతిలిపి' తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో రచయితలు తమ కథలను తామే వెలువరించుకొను వేదిక అయినది. 2016 డిసెంబరులో అమెజాన్ భారతీయ భాషా గ్రంథములకు కిండిల్‌లో చోటు కల్పించినపుడు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళములు ఆ పట్టికలో నుండెను, తెలుగు లేదు. కోట్లమంది మాటలాడు భాషకు లోకపు పెద్ద అంగడిలో తొలి వరుసలో స్థానము దొరకకుండుట గమనింపదగినది. ఏ భాషకు ఏ తలుపు తెరువవలెనను నిర్ణయము రచయిత చేతిలో లేదు.

తెలుగుకు ఇంటిలోనే యున్న చిక్కు మరియొకటి కలదు. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణములోనే తెలుగు లిపికి స్థానము లభించినది. అయినను తెలుగు ముద్రణ రంగమున, పేజ్‌మేకరులో యూనికోడు కాని ఫాంటులతో పుటలను కూర్చు పద్ధతి వేరూనినది. అట్లు కూర్చిన పుట కంటికి తెలుగుగనే కనబడును. కాని కంప్యూటరు దృష్టిలో అది తెలుగు కాదు. అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపు. అందుచేత అందులో ఒక మాటను వెదకుటకు వీలులేదు. అంధులకు చదివి వినిపించు యంత్రము దానిని చదువలేదు. ఫోను తెర వెడల్పునకు తగినట్లు పంక్తులు సర్దుకొనవు. ప్రతి పంక్తికిని పుటను అటు నిటు జరుపుకొనుచు చదువవలెను. అచ్చుకు సిద్ధపరచిన పుటలనే పి.డి.ఎఫ్.గ మార్చి 'ఈ-పుస్తక' మని పేరు పెట్టుట వలన పాఠకునకు కలుగు శ్రమ యిది. స్వయముగ ప్రచురింపదలచిన రచయిత తొలినుండియు యూనికోడులో వ్రాయుటయే దీనికి మందు.

లాభనష్టముల లెక్క

అచ్చు పుస్తకమునకు కాగితము, ముద్రణ, బైండింగు, రవాణా ఖర్చులు ముందే పెట్టవలెను. పిమ్మట విక్రేత కమీషను పోవలెను. అమ్మిన సొమ్ము చేతికి వచ్చుటకు నెలలు పట్టును. ఈ-పుస్తకమునకు ఈ పెట్టుబడులు లేవు. అయినను వాటాల నిబంధనలను సావధానముగ చదువవలెను. అమెరికా విపణిలో కిండిల్ పుస్తకపు వెల 2.99 నుండి 9.99 డాలరుల లోపల నున్నపుడే 70 శాతము వాటా దొరకును. ఆ హద్దుకు తగ్గినను మించినను 35 శాతమే. రెండున్నర డాలరుల పుస్తకముపై రచయితకు వచ్చునది సుమారు 87 సెంట్లు. మూడు డాలరుల పుస్తకముపై, పంపిణీ ఖర్చు మినహాయింపక పూర్వము, 2 డాలరుల 10 సెంట్లు. వెలను నిర్ణయించునది రచయితయే యని పేరు. ఆ చేతిని నడిపించునది అంగడి.

భారతదేశపు అమ్మకములపై 70 శాతము కావలెనన్నచో, పుస్తకమును 'కె.డి.పి. సెలెక్టు' అను పథకమున చేర్పవలెను. చేర్చినచో ఆ ఈ-పుస్తకమును 90 దినముల గడువులో మరి యెచ్చటను, తుదకు రచయిత తన సొంత వెబ్‌సైటులో సైతము, అమ్మరాదు. ఆ పథకములోని పుస్తకములను చందాదారులు చదివినపుడు, 2015 జూలై నుండి, చదివిన పుటల లెక్కను బట్టి సొమ్ము ముట్టుచున్నది. చదువకుండ పారవేసిన పుస్తకమునకు ప్రతిఫలము లేకుండుట న్యాయమే. కాని క్లుప్తతకు ఇది శిక్ష గూడ. పది పుటలలో ముగియవలసిన కథను ముప్పది పుటలకు సాగదీయు ప్రలోభము ఇందులో దాగియున్నది. చిన్నకథయు, ఖండకావ్యమును తమ క్లుప్తత వలననే నిలిచిన తెలుగు సాహిత్యమునకు పుటల కొలబద్ద సరిపడునది కాదు. ఆంగ్లమున వ్రాయు తెలుగువారికి ఈ నిబంధనలు నేరుగనే వర్తించును. తెలుగున వ్రాయువారికి ఇవి ఈ వ్యాపారపు స్వభావమును తెలుపు నుదాహరణములు.

పన్నుల విషయమును గూడ గమనింపవలెను. భారతదేశమున అచ్చు పుస్తకములపై వస్తు సేవల పన్ను లేదు. ఈ-పుస్తకములపై నున్న 18 శాతమును 2018 జూలైలో 5 శాతమునకు తగ్గించిరి. కాని ఆ తగ్గింపు అచ్చు రూపము గూడ కలిగిన పుస్తకములకే. అనగా అచ్చు ఖర్చు భరింపలేక ఈ-పుస్తకముతోనే సరిపెట్టుకొన్న రచయితకు ఆ సౌకర్యము దక్కలేదు. ఎవరికి సహాయము ఎక్కువ అవసరమో వారినే వదలిపెట్టిన నిబంధన యిది.

పోయిన పెట్టుబడి, పోని బాధ్యత

ప్రచురణకర్త కేవలము పెట్టుబడి పెట్టువాడు కాడు. వ్రాతప్రతిని మొదట కాదనువాడు అతడే. చేర్చుకొన్నపిమ్మట దిద్దించువాడు, ప్రూఫులు చూపించువాడు, హక్కులను విచారించువాడు, ప్రతులను భద్రపరచువాడు అతడే. ఈ-పుస్తకము తొలగించినది ఈ పనులలోని పెట్టుబడి భాగమును మాత్రమే. మిగిలిన పనులు ఎచ్చటికిని పోలేదు. అవి రచయిత బల్ల మీదికి వచ్చి చేరినవి. కాకిపిల్ల కాకికి ముద్దు. తన వాక్యములోని తప్పు తన కంటికి కనబడదు. తరగతిలో విద్యార్థి వ్యాసమును ఎర్ర సిరాతో దిద్దు ఉపాధ్యాయుడు, తన పుస్తకమునకు మాత్రము ఆ యెర్ర సిరా అక్కరలేదని తలచుట తగదు.

హక్కుల విచారణ మరియొకటి. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, ఇప్పుడున్న సవరణలతో, రచయిత మరణానంతరము 60 సంవత్సరముల వరకు హక్కు నిలిచియుండును. 1976లో కీర్తిశేషులైన విశ్వనాథ సత్యనారాయణగారి రచనలపై హక్కు 2036 చివరి వరకు వర్తించును. విద్యార్థులకు ఉపకరించునను సదుద్దేశముతోనైనను, అట్టి రచనలను అనుమతి లేక సంకలనము చేసి అమ్ముట చట్టవిరుద్ధమే. దీని ఫలితము పాఠకునకును తగులును. 2009 జూలైలో జార్జి ఆర్వెల్ నవలలు రెండింటిని హక్కు లేని సంస్థ యొకటి కిండిల్‌లో చేర్చినదని తెలియగా, అమెజాన్ వానిని కొన్నవారి యంత్రములనుండి సైతము తొలగించి, సొమ్ము తిరిగి యిచ్చినది. తొలగింపబడిన వానిలో 'నైన్‌టీన్ ఎయిటీఫోర్' ఒకటి. పాత పత్రములను మాయము చేయు ప్రభుత్వమును చిత్రించిన నవల అది.

వ్రాయు యంత్రములు వచ్చినపిమ్మట ఈ బాధ్యత మరింత పెరిగినది. 2023 సెప్టెంబరులో అమెజాన్ స్వయంప్రచురణకర్తలకు దినమునకు మూడు క్రొత్త పుస్తకములకు మించి చేర్పరాదని హద్దు పెట్టినది. కృత్రిమ మేధతో పుట్టించిన రచనయైనచో ఆ సంగతి తమకు తెలుపవలెననియు శాసించినది. దినమునకు మూడు పుస్తకములను హద్దు పెట్టవలసి వచ్చినదన్నచో, అంతకు మించి చేర్చువారు ఉండిరనియే గదా అర్థము! ఇట్టి వరదలో నిజముగ శ్రమించి వ్రాసినవాని పుస్తకమును పాఠకుడు ఏ గుర్తుతో పట్టుకొనవలెను? అంగడి ఆ గుర్తు నీయదు. రచయిత పేరునకు కాలక్రమమున ఏర్పడిన నమ్మకమే ఆ గుర్తు. దానిని నిలుపునది జాగ్రత్తగ దిద్దిన పుట.

నిలుచునా, నిలువదా?

తాళపత్రము మూడు నాలుగు వందల ఏండ్లు నిలిచినది. అచ్చు పుస్తకము గ్రంథాలయపు బీరువాలో తరములు నిలుచుచున్నది. ఈ-పుస్తకము అంగడి యున్నంతవరకే నిలుచునేమో యను సందేహము నిరాధారము కాదు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తక విక్రయశాలను మూసివేసినపుడు, కొన్నవారికి సొమ్ము తిరిగి వచ్చినది. పుస్తకములు మాత్రము అదృశ్యమైనవి. పాఠకుడు కొనునది పుస్తకమును కాదు, చదువుకొను అనుమతిని మాత్రమే. అచ్చు పుస్తకమునకు 1954 నాటి చట్టమొకటి రక్షణ కల్పించినది. ప్రచురించిన 30 దినములలో ప్రచురణకర్త తన ఖర్చుతో కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును, మరి మూడు గ్రంథాలయములకును ఒక్కొక్క ప్రతి పంపవలెను. ఆ మూడింటిలో మద్రాసులోని కన్నెమరా గ్రంథాలయ మొకటి. ఆ చట్టము అచ్చు పుస్తకములను దృష్టిలో నుంచుకొని చేసినది. ఈ-పుస్తకముతోనే తృప్తిపడు రచయిత తన రచనను ఆ కోటకు వెలుపల నిలిపినట్లే.

కావున స్వయంప్రచురణకు పూనుకొనువారు చేయదగిన పనులు కొన్ని స్పష్టముగ కనబడుచున్నవి. వ్రాతప్రతిని యూనికోడులో సిద్ధపరచి, ఈ-పబ్ రూపమున నొక ప్రతిని తమవద్ద భద్రపరచుకొనవలెను. అంగడిలోని ప్రతియే ఏకైక ప్రతి కారాదు. మొగమాటము లేని మరియొకరిచేత పుస్తకమును దిద్దించుకొనవలెను. ఏ సంస్థతోనైనను ఒడంబడికకు ముందు గడువును, ప్రత్యేక హక్కు షరతును చదువవలెను. అచ్చు ప్రతులు కొలదిగనైనను, అవసరమును బట్టి ఇరువదియో ముప్పదియో వేయించి, ఊరి గ్రంథాలయమునకును, పాఠశాలకును ఇయ్యవలెను. పాఠశాలలలో విద్యార్థుల రచనలను సంపుటముగ కూర్చు ఉపాధ్యాయులు ఈ క్రమమును వారికి చేతితో చేయించి నేర్పవచ్చును: ఒకరు వ్రాయుట, ఒకరు దిద్దుట, ఒకరు అనుమతులు చూచుట, ఒకరు భద్రపరచుట.

ప్రచురణకర్త గుమ్మము ముందు నెలల తరబడి నిలువవలసిన అగత్యము రచయితకు తప్పినది. అది నిజమైన లాభము. దానిని తక్కువ చేయరాదు. అయితే ఆ గుమ్మమున నున్నవాడు 'కాదు' అని చెప్పినపుడు పాఠకుని పక్షమున గూడ చెప్పుచుండెను. ఇక ఆ మాటను రచయిత తనకు తానే చెప్పుకొనవలసి యున్నది.