అప్పుకు లెక్క ఉంది, శ్రమకు లేదు

సర్వేలకు వెళ్ళి "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగితే, "ఏముందండీ, ఇంట్లోనే ఉంటాను" అన్న జవాబు నాకెన్నోసార్లు వచ్చింది. ఆ మాట అంటూనే ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంటుంది. పొదుపు సంఘంలో ఆమె తీసుకున్న అప్పు, కట్టిన వాయిదా మాత్రం పైసాతో సహా బ్యాంకు లెక్కల్లోకి ఎక్కుతాయి. ఆమె శ్రమ ఏ లెక్కలోకీ రాదు.

ఇది యాదృచ్ఛికం కాదు. 1994 చివర మెక్సికో సంక్షోభంలో మదుపుదారులు దెబ్బతినగానే, దేశాలు తమ ఆర్థిక గణాంకాలను ఏ గడువులో ప్రకటించాలో చెప్పే ప్రమాణాన్ని అంతర్జాతీయ ద్రవ్యనిధి 1996లోనే తెచ్చింది. భారతదేశం ఆ ఏడాదే అందులో చేరింది. 2008 సంక్షోభం తర్వాత, 2009లో గణాంకాల లోటు పూడ్చే కార్యక్రమాన్ని జీ-20 దేశాలు చేపట్టాయి. పెట్టుబడికి నష్టం వస్తే లెక్కలు ఎంత త్వరగా బాగుపడతాయో చూడండి!

మరి మన సంగతి? ఐక్యరాజ్యసమితి 1993 నాటి జాతీయ ఖాతాల విధానంలో ఇంటికి నీళ్ళు మోసుకురావడం ఉత్పత్తే. ఆ నీళ్ళతో వంట చేయడం కాదు. జీతమిచ్చి వంటమనిషిని పెట్టుకుంటే మాత్రం అదే వంట ఉత్పత్తి అవుతుంది! వేతనం లేని శ్రమను కొలవాలని 1995లో బీజింగ్ మహిళా సదస్సు కోరింది. ముప్పై ఏళ్ళ తర్వాత, 2025 మార్చిలో ఐరాస గణాంక సంఘం ఆమోదించిన కొత్త విధానం కూడా ఇంటిచాకిరీని ప్రధాన లెక్కలో చేర్చలేదు, పక్కన అనుబంధ ఖాతాగా చూపమంది.

మన దేశంలో 1998-99 నాటి కాల వినియోగ సర్వే ఆరు రాష్ట్రాల్లోనే జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. దేశవ్యాప్త సర్వే 2019లో గాని రాలేదు. ఇంటిపని చేసేవారిలో స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు అందులో గడుపుతున్నారని అది తేల్చింది. 2024 సర్వేలో అవి 289, 88.

ఈ పనిని జాతీయోత్పత్తిలో కలిపితే చాలని నేననను. అంకె పెరిగినంత మాత్రాన ఆమె చేతికి రూపాయి రాదు. కానీ లెక్కలేని శ్రమ పేరుతో అంగన్‌వాడీకో, ఇంటి ముందు కుళాయికో నిధులు అడగడం కష్టం. అందుకే మదుపుదారులకు ఇచ్చిన హామీయే మనకూ కావాలి: సర్వేకు గడువు, అనుబంధ ఖాతాకు ప్రకటన తేదీ, బడ్జెట్‌లో దాని ప్రస్తావన.

ఈలోగా మనం చేయగలిగిందొకటుంది. ఈసారి సర్వే కాగితం పట్టుకుని వెళ్ళినప్పుడు "ఏం పని చేస్తారు?" అని అడగొద్దు. "పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఏమేం చేశారు?" అని అడుగుదాం.