395 జీవజాతులకు తలదాచుకునే చోటే లేదు!
మనిషి వల్ల వన్యప్రాణులకు ఎక్కడెక్కడ ముప్పుందో చూపే ప్రపంచ మ్యాప్ ఇది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ పరిశోధకుల ఆధ్వర్యంలో 2019లో బయటికొచ్చింది. ముప్పు అంచున ఉన్న 5,457 రకాల పక్షులు, క్షీరదాలు, ఉభయచరాలను ఇందులో లెక్కేశారు. రోడ్డు పడింది కాబట్టి అన్నిటికీ ప్రమాదమే అని తేల్చేయలేదు. ఏ జీవికి ఏది హానికరమో చూసి, అది దాని ఆవాసంలో ఉందా అని సరిపోల్చారు. ఇంత జల్లెడ పట్టినా 1,237 జాతులకు 90 శాతానికి పైగా ఆవాసంలో ముప్పే కనిపించింది. 395 జాతులకైతే మొత్తం ఆవాసమంతా అదే పరిస్థితి! దేశాల్లో మలేషియాది మొదటి స్థానం. ముప్పు తగలని చోట్లను కూడా మ్యాప్‌లో గుర్తించారు. ముందు కాపాడాల్సింది వాటినే. పైగా వాతావరణ మార్పులు, వ్యాధులు ఈ లెక్కలోకి రాలేదు.