పిల్లలతో ఒడ్డుకు దిగితే ఒక్క చోటు చాలు

టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి కరీబియన్ క్రూజ్ ఎక్కే తెలుగు కుటుంబాలకు గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: చిన్నపిల్లలు వెంట ఉంటే ఓడ ఆగిన ప్రతి రేవులో ఒక్క చోటు చూస్తే చాలు. కోజుమెల్‌లో దిగగానే చాలామంది తులుమ్‌లోని మాయా శిథిలాల టూరుకు బయల్దేరతారు. కోజుమెల్ ఒక ద్వీపం, తులుమ్ ఉన్నదేమో మెక్సికో ప్రధాన భూభాగంలో. ఫెర్రీలో ముప్పావు గంట, ఆపైన బస్సులో సుమారు గంట, తిరిగి రావడానికీ అంతే. మూడేళ్ల బిడ్డకు అందులో దక్కేది ఎండ, కుదుపులు, ఆకలి. రేవుకు దగ్గర్లోనే ఉన్న చంకనాబ్ పార్కులో నీడా ఉంది, ఆడుకోవడానికి తీరమూ ఉంది. గ్రాండ్ కేమన్‌లో పెద్ద ఓడలు ఒడ్డుకు ఆనవు. జార్జ్‌టౌన్ ఎదుట లంగరు వేస్తే చిన్న పడవల్లో దిగాలి. ఆ వరుసలో పిల్లలతో నిలబడే సమయాన్నీ లెక్కలో వేసుకోవాలి. కోజుమెల్ గడియారం చలికాలంలో టెక్సస్ కంటే గంట ముందుంటుంది కనుక, ఓడ పాటించే సమయం ఏదో దిగకముందే అడిగి తెలుసుకోండి. ఓడ కంపెనీ నడిపే టూరు ఆలస్యమైతే సాధారణంగా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. ఆరు నెలల లోపు పసికందులను నేరుగా ఎండ తగలనివ్వొద్దన్న వైద్యుల మాట అక్కడా వర్తిస్తుంది. డబ్బు కట్టాం కాబట్టి అన్నీ చూసెయ్యాలన్న ఆరాటం పెద్దలది, దాని శిక్ష పిల్లలకు వెయ్యకండి. పొద్దున్నే దిగండి, ఇసుకలో ఆడనివ్వండి, మధ్యాహ్నం నిద్రవేళకు ఓడకు చేరుకోండి.