మీటరు చెప్పని లెక్క

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

"ఎద్దు వయసు పండ్లు చెప్తయి గని, ఎద్దు చేసిన కష్టం పండ్లు చెప్పయి" అని మా బాపు అంటుంటాడు. ఇది అంగడిలో కోడెల బేరానికి సంబంధించిన మాట. కానీ పోయినేడు పత్తి పైసలు చేతికొచ్చినప్పుడు మా ఇంట్లో నడిచిన ఒక కారు బేరంలో ఈ మాటే అక్కరకొచ్చింది. సావనీరులో కార్ల మీద వ్యాసమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వనీయండి. మన కాలేజీ బండ్ల స్టాండు దగ్గర జరిగే చర్చల్లో సగం బండ్ల గురించే గదా! ఆ చర్చ ఒక లెక్క ప్రకారం జరిగితే నలుగురికీ మేలని నా అభిప్రాయం.

మా అన్న కరీంనగర్‌లో చిన్న ఉద్యోగి. అతనికో పాత ఆల్టో ఉండేది. దాన్ని అమ్మి, పైన కొంత వేసి, సెకండ్ హాండ్‌లో ఓ టర్బో బండి కొనాలని రెండేండ్ల నుండి అతని కోరిక. పైన వేయవలసిన పైసలేమో పత్తివి. ఆ పైసల మీద బోరు మోటరుకు ఆశ ఉంది, మా చెల్లె చదువుకు ఆశ ఉంది. కాబట్టి ఈ బేరం తప్పితే తప్పేది ఒక్క అన్న సరదా మాత్రమే కాదు.

చూసిన బండ్లలో రెండు మిగిలాయి. రెండూ ఒకే రకం, రెండూ ఆరేండ్లవి. ఒకటి హైదరాబాదులో తిరిగిన బండి, మీటరు మీద 48 వేల కిలోమీటర్లు. రెండోది ఆదిలాబాదు బండి, మీటరు మీద 1 లక్షా 8 వేలు. మొదటిదాని కన్నా ఇది యాభై వేలు తక్కువ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దిక్కు మైలేజీ అంటే లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందనే అర్థం. నేను మాట్లాడేది అది కాదు. బండి కొన్ననాటి నుండి మొత్తం తిరిగిన కిలోమీటర్ల సంగతి. ఆ అంకె విన్నంతనే బాపు అన్న మాట: "లచ్చ తిరిగినంక దాంట్ల ఇంకేముంటదిరా?" అన్నకు కూడా 48 వేల బండి మీదే మనసు. లక్ష అనే అంకెకు మనం అంత భయపడతాం. ఆ భయం సగం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

అసలు టర్బో అనగానేమి? ఇంజనులోంచి బయటికి పోయే వేడి పొగ ఊరికే పోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి నెడుతుంది. గాలి పెరిగితే ఆక్సిజను పెరుగుతుంది. ఆక్సిజను పెరిగితే పెట్రోలు ఎక్కువ మండుతుంది. చిన్న ఇంజనుకే పెద్ద బలం వస్తుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూచీ 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. రాజీవ్ రహదారి మీద బరువు లారీ ఎత్తు ఎక్కేటప్పుడు వినిపించే సన్నని ఈల ఈ టర్బోదే. కార్లలోకి అది 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌తో, 1973లో జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. 2002 టర్బోతో వచ్చింది. మన దేశంలో మధ్యతరగతి వాడు ఆశపడగల ధరలో 2013లో పోలో జి.టి. టి.ఎస్.ఐ., 2015లో అబార్త్ పుంటో, 2017లో బలెనో ఆర్.ఎస్. వచ్చాయి. పోలో తయారీ ఇక్కడ 2022లో ఆగిపోయింది. అటువంటి బండి కావాలంటే ఇక పాతది కొనక తప్పదు. పాతదంటే తిరిగినదే గదా!

ఇక లెక్కకు వద్దాం. పట్నంలో సిగ్నళ్లు, జామ్‌లు కలుపుకొని కారు సగటున గంటకు 20 కిలోమీటర్లు నడిచిందనుకుందాం. ఒక కిలోమీటరుకు 3 నిమిషాలు. ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే కిలోమీటరుకు 4,500 చుట్లు. హైవే మీద గంటకు 80 చొప్పున కిలోమీటరుకు 45 సెకండ్లు చాలు. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగినా కిలోమీటరుకు 1,500 చుట్లే. ఇప్పుడు గుణించండి. 48 వేల పట్నం బండి ఇంజను తిరిగింది 21 కోట్ల 60 లక్షల చుట్లు. లక్షా ఎనిమిది వేల హైవే బండి ఇంజను తిరిగింది 16 కోట్ల 20 లక్షల చుట్లు. ఎక్కువ తిరిగిన బండి ఇంజనే తక్కువ తిరిగింది!

ఈ చుట్ల లెక్క బాపుకు ఎక్కలేదు. అప్పుడు గంటల్లో చెప్పాను. పట్నం బండి నడిచింది 2,400 గంటలు, ఆదిలాబాదు బండి నడిచింది 1,350 గంటలు. బాపు వెంటనే అందుకున్నాడు. "గిది ట్రాక్టరు లెక్క. ముందుగాలనే గట్ల చెప్పరాదుర?" అన్నాడు. నిజమే. పాత ట్రాక్టరు కొనేటప్పుడు మన రైతు కిలోమీటర్లు అడగడు, గంటల మీటరు చూస్తాడు. దున్నిందా, ట్రాలీ గుంజిందా అని అడుగుతాడు. చదువురాని రైతుకు తెలిసిన ఈ న్యాయాన్ని చదువుకున్న మనం కారు దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతున్నాం.

అయితే హైవే బండి అని అమ్మేవాడు చెప్తే సరిపోతుందా? సరిపోదు. కాగితం చెప్పాలి. ఆదిలాబాదు యజమాని నెలకు రెండు మూడు సార్లు హైదరాబాదు పోయి వచ్చేవాడు. పోను రాను సుమారు 600 కిలోమీటర్లు. నెలకు 1,500 వేసుకుంటే ఆరేండ్లకు సరిగ్గా లక్షా ఎనిమిది వేలు. సర్వీసు బిల్లులన్నీ వరుసగా కుట్టి పెట్టాడు. ప్రతి బిల్లు మీద తేదీ, రీడింగు, పోసిన ఇంజనాయిల్ రకం రాసి ఉన్నాయి. పట్నం బండి దగ్గర బిల్లులు లేవు. బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంది. ఇప్పటి మీటర్లు కంప్యూటరు పెట్టి వెనక్కి తిప్పగలిగినవే. మీటరు నిజమే చెప్పిందనుకున్నా లెక్క పైన చూశాం. అబద్ధం చెప్పి ఉంటే ఇక అనేదేముంది?

టర్బో బండికి ఈ బిల్లులు మరీ ముఖ్యం. దాని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని కాపాడేది పలుచని నూనె పొర ఒక్కటే. ఆయిలు వేళకు మార్చకపోతే, బాగా తోలి వచ్చి వెంటనే ఇంజను బంద్ చేస్తే, ఆ వేడికి నూనె మాడి బొగ్గవుతుంది. ఇరుసు అరుగుతుంది. కాబట్టి చూడబోయే మిత్రులకు నా మనవి. పొద్దున్నే పోండి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మీ ముందరే స్టార్టు చేయించండి. నీలి పొగ వస్తే ఆయిలు మండుతున్నట్టు. ఈల మరీ సైరన్ లాగా ఉంటే ఇరుసు మీద అనుమానం పెట్టుకోండి. టైరు మీది చివరి నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని. పేరు మార్పుకు ఫారం 29, 30 అడగండి. పక్క రాష్ట్రం బండైతే ఎన్.ఓ.సి. లేకుండా బయానా ఇవ్వకండి. పట్నం బండి వాళ్లు మేము పోయేసరికే ఇంజను వేడి చేసి పెట్టారు. అన్న మనసు అక్కడే విరిగింది.

చివరకు లక్షా ఎనిమిది వేల బండే కొన్నాం. బాపు ఒక షరతు పెట్టాడు. తక్కువకు వచ్చిన ఆ యాభై వేలు మిగిలినట్టు కాదు, అవి బండివే, బ్యాంకులో వేరుగా ఉండాలె అన్నాడు. అన్న ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. నాలుగు నెలలకు టర్బో నుండి ఇంజనుకు గాలి పోయే రబ్బరు గొట్టం పగిలింది. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే బలం లేక బండి ముక్కింది. గొట్టానికి, పనికి కలిపి ఏడు వేలు. పిమ్మట నాలుగు టైర్లు. నా లెక్కలో చుట్లున్నాయి, గంటలున్నాయి, కానీ రబ్బరు లేదు. రబ్బరుకు కిలోమీటర్లతో పని లేదు, ఏండ్లు గడిస్తే చాలు, ఎండకు అదే పగులుతుంది. సైన్సు విద్యార్థిని నేను మరిచిన సంగతి బాపు షరతులో ఉంది. ఆ పైసలు లేకపోతే అన్న మళ్లీ పత్తి పైసల కోసం ఇంటికే వచ్చేవాడు.

కాబట్టి మిత్రులారా, నేను చెప్పదలచింది ఒక్కటే. పెద్ద అంకెను చూసి భయపడకండి, కాగితం లేని చిన్న అంకెను చూసి భయపడండి. కొనే ధరతో పాటు కాపాడుకొనే ధర కూడా చేతిలో ఉంటేనే టర్బో జోలికి పోండి. అప్పు తెచ్చి గాని, భూమి కుదువ పెట్టి గాని పోవద్దు. సరదా తప్పు కాదు. రైతు బిడ్డకు మాత్రం సరదా ఉండవద్దా? కానీ మన సరదాకు పెట్టుబడి అయ్యేది ఎవరి చెమటో ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి.

బోరు మోటరు ఈ ఎండాకాలం వచ్చింది. మొన్న అన్న బాపును ముందు సీట్లో కూర్చోబెట్టుకొని కరీంనగర్ దాక తోలుకుపోయాడు. ఎట్లున్నదని అడిగితే, "ఎద్దు మంచిదే గని, మేత మస్తు తింటది" అన్నాడు.